చిటికె ఎవరిది? వాడ ఎవరిది?

2006 జనవరిలో అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక పాటల పట్టికలో మొదటి స్థానం ఒక చిటికె పాటకి దక్కింది. పాట పేరు 'లాఫీ టాఫీ'. అది ఒక చాక్లెట్ పేరు. పాడింది డీ ఫోర్ ఎల్ అనే నలుగురు కుర్రాళ్ళ బృందం. ఊరు అట్లాంటా, వాడ బ్యాంక్‌హెడ్. సరిగ్గా నెల తిరక్కుండానే, ఫిబ్రవరిలో, అదే నగరం పడమటి వాడల నుంచి డెమ్ ఫ్రాంచైజ్ బాయ్జ్ అనే మరో బృందం 'ఆన్ టాప్ ఆఫ్ అవర్ గేమ్' అనే ఆల్బమ్ తెచ్చింది. అందులోని 'లీన్ విత్ ఇట్, రాక్ విత్ ఇట్' పాట అదే పట్టికలో ఏడో స్థానం దాకా ఎక్కింది. ఆ పాటతో పాటే ఒక ఆట అమెరికా అంతా పాకింది. ఒక పక్కకి ఒరగడం, రెండో పక్కకి ఊగడం, దరువు పడేచోట చిటికె వేయడం. అంతే ఆట. పెళ్ళిళ్ళలో, బడుల్లో, బాస్కెట్‌బాల్ మైదానాల్లో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఒరిగారు, ఊగారు, చిటికెలేశారు.

ఆ చిటికె పుట్టిన వాడలోని పెద్ద ప్రభుత్వ గృహసముదాయాలు ఇవాళ లేవు. కూల్చేశారు. ఆట మిగిలింది, ఆడినవాళ్ళ ఇళ్ళు మిగల్లేదు. మేం ఇక్కడ చర్చకు పెడుతున్నది ఈ విషయాన్నే. ఇది సంగీత ప్రియుల ముచ్చట కాదు. కింది వాళ్ళ ఒంట్లోంచి పుట్టిన కళ అందరి సొత్తు ఎట్లా అవుతుంది, ఆ కళను కన్న నేల మాత్రం వాళ్ళ సొత్తు ఎందుకు కాలేకపోతుంది అన్నది అసలు ప్రశ్న.

ముందు ఆ పాట చప్పుడు గురించి చెప్పుకుందాం. అంతకుముందు దక్షిణాది హిప్‌హాప్‌ని ఏలింది 'క్రంక్'. లిల్ జాన్ లాంటి వాళ్ళు గొంతు చించుకుని అరిచే పాట అది. గుంపుగా ఎగిరి, ఒకళ్ళనొకళ్ళు నెట్టుకుంటూ ఆడే ఆట. స్నాప్ దానికి తిరగేసిన రూపం. వేగం తగ్గింది, అరుపు పోయింది. కడుపులో మోగే లోతైన బాస్, రెండు మూడు సుర్రలున్న పిల్లల బొమ్మ వాయిద్యం లాంటి రాగం, డ్రమ్ము దెబ్బ పడాల్సిన చోట వేలి చిటికె. పాటలో దాదాపు ఏమీ లేదు, ఖాళీయే ఎక్కువ. ఆ ఖాళీ ఆడేవాడి కోసం. పాట సగమే తయారై వస్తుంది, మిగతా సగం ఆడే ఒళ్ళు నింపాలి. కాగితం మీద మాటలు రాసుకుని దీన్ని విమర్శించబోయిన వాళ్ళు పొరబడింది ఇక్కడే. వాళ్ళు సగం పాటనే విన్నారు.

ఆ బాస్ చప్పుడుకీ ఒక చరిత్ర ఉంది. రోలాండ్ అనే జపాన్ కంపెనీ 1980లో 808 అనే డ్రమ్ యంత్రం తెచ్చింది. అసలు డ్రమ్ము లాగా లేదని సంగీతం తెలిసినవాళ్ళు పెదవి విరిచారు. అమ్ముడుపోక మూడేళ్ళకే తయారీ ఆపేశారు. పాత సామాన్ల దుకాణాల్లో చవగ్గా పడున్న ఆ యంత్రాన్ని నల్లజాతి కుర్రాళ్ళు తెచ్చుకుని, ఎవరికీ పనికిరాదన్న ఆ మోతనే తమ సంగీతానికి పునాది చేసుకున్నారు. స్నాప్ కాలానికి ఆ చప్పుడు కంప్యూటర్లోకే వచ్చేసింది. ఎవరికీ అక్కర్లేని దాన్నుంచి మోత పుట్టించడం మనకి కొత్త సంగతి కాదు. ఊరు వదిలేసిన చచ్చిన పశువు తోలుని ఊనింది, ఎండబెట్టింది, వలయానికి బిగించి డప్పు చేసింది మన మాదిగ తాతలే కదా! జాతి వేరు, కులం వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టేయడం మా ఉద్దేశం కాదు. కానీ పారేసిన వస్తువుకి ప్రాణం పోసే చేతుల్ని ఏ సమాజం ఎట్లా చూసిందో పోల్చి చూసుకోవచ్చు.

ఇక వాడ సంగతి. బ్యాంక్‌హెడ్ అనే పేరు ఒక రోడ్డు నుంచి వచ్చింది. ఆ రోడ్డుకి పేరిచ్చిన జాన్ బ్యాంక్‌హెడ్ అలబామా సెనేటరు. బానిసత్వాన్ని నిలబెట్టడానికి యుద్ధం చేసిన దక్షిణాది సైన్యంలో పనిచేసినవాడు. అలాంటివాడి పేరు మీద నల్లవాళ్ళు బతికారు, ఆ పేరునే తమ గొప్పగా చెప్పుకున్నారు. 1990ల నడుమ 'బ్యాంక్‌హెడ్ బౌన్స్' అనే ఆట కూడా అక్కడ్నుంచే బయటికొచ్చింది. 1998లో అట్లాంటా నగరం తన పరిధిలో ఆ రోడ్డు పేరు మార్చి డొనాల్డ్ హాలోవెల్ పేరు పెట్టింది. హాలోవెల్ నల్లజాతి వకీలు. 1961లో జార్జియా విశ్వవిద్యాలయం తలుపులు నల్ల విద్యార్థులకి తెరిపించిన కేసు వాదించినవాడు. బోర్డు మీద పేరు మారింది, బతుకు మారిందా అనేది తర్వాత చూద్దాం.

ఆ రోడ్డు పక్కన బోవెన్ హోమ్స్ అనే ప్రభుత్వ గృహసముదాయం ఉండేది. 1964లో కట్టారు. 1980 అక్టోబరులో అక్కడి శిశు సంరక్షణ కేంద్రంలో బాయిలర్ పేలి నలుగురు పసివాళ్ళు, ఒక టీచరు చనిపోయారు. నగరంలో నల్లపిల్లలు వరసగా మాయమై శవాలై తేలుతున్న రోజులవి. డీ ఫోర్ ఎల్ బృందంలోని షాటీ లో ఈ బోవెన్ హోమ్స్ వాడు. తర్వాత ఒంటరిగా పాడినప్పుడు కూడా ఆ వాడ పేరు మోసుకుంటూనే తిరిగాడు. 2016 సెప్టెంబరులో కారు ప్రమాదంలో చనిపోయాడు. చాక్లెట్ మీద పాట పాడిన వాళ్ళకి వేరే పాట తెలీక కాదు. చావులు చూసిన వాడలో, సాయంత్రం పూట ఒళ్ళు తేలిక చేసుకోవడం కూడా బతకడంలో భాగమే.

దీన్ని గుర్తించడానికి విమర్శకులకి మనసొప్పలేదు. ఉత్తరాది రాపర్లు వేదికల మీదే లాఫీ టాఫీని ఎగతాళి చేశారు. 2006 డిసెంబరులో న్యూయార్క్ రాపర్ నాస్ తన ఆల్బమ్‌కి 'హిప్‌హాప్ ఈజ్ డెడ్' అని పేరు పెట్టాడు. హిప్‌హాప్ చచ్చిపోయిందని! ఆ శవానికి హంతకులం మేమేనా అని దక్షిణాది వాళ్ళు నొచ్చుకున్నారు. 2007లో సోల్జా బాయ్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు 'క్రాంక్ దట్' పాటతో, దానికి కట్టిన ఆటతో ఏడు వారాలు మొదటి స్థానంలో నిలిచినప్పుడు ఇదే మాట ఇంకా గట్టిగా వినబడింది. మరుసటి ఏడు ఐస్ టీ లాంటి పెద్దమనిషి ఆ కుర్రాడే హిప్‌హాప్‌ని చంపాడన్నాడు. ఈ తగువు కొత్తదీ కాదు. 1995లో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ పత్రిక అవార్డుల సభలో అట్లాంటా బృందం అవుట్‌కాస్ట్ బహుమతి అందుకుంటుంటే జనం గేలి చేశారు. దక్షిణాదికి కూడా చెప్పాల్సిన మాట ఉందని ఆండ్రే అక్కడే తేల్చిచెప్పాడు.

ఇక్కడ మనం జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. గేలి చేసింది తెల్లవాళ్ళు మాత్రమే కాదు. నల్లవాళ్ళే నల్లవాళ్ళని గేలి చేశారు. పీడితుల్లోనే ఒక మెట్ల వరస తయారైంది. నగరంలో పుట్టిన మాట పైన, పల్లె యాస కింద. బుద్ధికి చెప్పే పాట పైన, ఒంటికి చెప్పే పాట కింద. సందేశం ఉంటే కళ, ఊగితే కోతిచేష్ట. ఈ కొలబద్ద ఎవరి చేతిది? బానిసని పొలంలో ఒళ్ళుగా వాడుకుని, ఒళ్ళు తప్ప వాడికేమీ లేదన్న యజమాని చేతిది. మన దగ్గర మార్గమనీ దేశి అనీ విడదీసి, ఒకదాన్ని సభలో కూర్చోబెట్టి, రెండోదాన్ని ఊరి బయట నిలబెట్టిన చేతులూ అలాంటివే. పద్యం పాండిత్యమైంది, డప్పు చప్పుడైంది. శవం ముందు, జాతర ముందు కొట్టించుకుంటారు. కొట్టేవాణ్ణి మాత్రం వాద్యకారుడనరు.

1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి మాదిగ దండోరా మొదలైనప్పుడు ఈ లెక్క తారుమారైంది. వెట్టికి కొట్టిన డప్పునే హక్కుకి కొట్టారు. అంతమాత్రాన డప్పుకి అప్పుడే అర్థమొచ్చిందనుకుంటే తప్పు. ఉద్యమంలో మోగితేనే విలువ, తీన్మార్‌కి మోగితే విలువ లేదు అనే ప్రగతిశీల మాట కూడా పాత మెట్ల వరసకి కొత్త సున్నమే. దళితుడి సంతోషానికి కూడా ఎవరో సంజాయిషీ అడుగుతున్నారు. మా వాదన ఏంటంటే, స్నాప్ పాటకి విప్లవ సందేశం అంటగట్టనక్కర్లేదు. తమ ఒళ్ళు తమదేనని పగలంతా చెప్పుకోలేని వాళ్ళు రాత్రి ఒక మూడు నిమిషాలు దాన్ని తమ ఇష్టానికి ఆడించుకున్నారు. ఆ ఇష్టం చిన్నదేమీ కాదు.

ఈ మాట అట్లాంటాలోనే నూరేళ్ళ కిందట ఒక పండితుడు అర్థం చేసుకున్నాడు. డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్ అట్లాంటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న రోజుల్లో, 1903లో, 'ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్' అచ్చయింది. ఆ పుస్తకంలో అధ్యాయాల మొదట్లో ఒకపక్క పేరున్న కవుల పంక్తులు పెట్టి, వాటి కింద బానిసల పాటల స్వరాలు మాటల్లేకుండా అచ్చువేశాడు. చదువుకున్నవాడి కవిత్వం పక్కనే చదువురాని వాడి రాగాన్ని సమానంగా కూర్చోబెట్టాడు. మాటల్లేకపోయినా అది జ్ఞానమే అన్నాడన్నమాట. ఈ డుబోయిస్‌కే 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఉత్తరం రాశాడు. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతులు కావాలని అడిగాడు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చాడు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ తమ పేరుని నల్లజాతి పాంథర్ల నుంచే తీసుకున్నారు. కాబట్టి అట్లాంటా వాడ గురించి మాట్లాడటం మనకి పొరుగింటి పుల్లకూర రుచి కాదు, పాత చుట్టరికం.

చుట్టరికమని చెప్పి తప్పుల్ని వెనకేసుకు రావడం మా పద్ధతి కాదు. లాఫీ టాఫీ అంటే ఆ పాటలో చాక్లెట్ కాదు, ఆడదాని ఒంట్లో ఒక భాగం. మగవాళ్ళు చూసేవాళ్ళు, ఆడవాళ్ళు ఊపి చూపించాల్సిన వాళ్ళు. పైన మేం చెప్పిన 'తన ఒళ్ళు తన ఇష్టం' అన్న మాట ఈ పాటలో ఆడవాళ్ళకి వర్తించదు. వాడలోని కుర్రాడికి దక్కిన స్వేచ్ఛ అదే వాడలోని అమ్మాయి ఒంటి మీద నిలబడింది. డెమ్ ఫ్రాంచైజ్ బాయ్జ్ ఆట ఈ విషయంలో కొంత నయం. ఒరిగి ఊగే ఆ ఆటలో చూసేవాళ్ళు, చూపేవాళ్ళు అన్న విభజన లేదు. మగా ఆడా ఒకే అడుగు వేస్తారు. చంటిపిల్ల నుంచి ముసలమ్మ దాకా ఆడగలరు. పాట మాటలు వేరే దారిన పోయినా ఆట మాత్రం సమానంగానే నిలబడింది. పాట కంటే ఆటకే ఆయుష్షు ఎక్కువ దక్కడంలో ఇదీ ఒక కారణమని మేం అనుకుంటున్నాం.

దళిత స్త్రీలకి ఈ తేడా బాగా తెలుసు. ఊరి సంబరంలో ఆడమన్నదీ ఊరే, ఆడినందుకు చెడిందన్నదీ ఊరే. జోగిని దురాచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది గానీ, ఆ చూపు చట్టానికి లొంగలేదు. కాబట్టి అగ్రకుల మర్యాద పేరుతో ఆటని అశ్లీలమంటే ఒప్పుకోం. మన మగపిల్లల పాట కదా అని ఆడవాళ్ళ మీది చులకనని సంస్కృతి అంటే అదీ ఒప్పుకోం. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పాల్సిందే.

ఇప్పుడు సొత్తు ప్రశ్న. స్నాప్ మాదంటే మాదని ఆ రెండు బృందాలూ తగువు పడ్డాయి. ఒకే పడమటి వాడల పిల్లలు, ఒకే క్లబ్బుల్లో ఎదిగినవాళ్ళు. నిజానికి ఆ చిటికె ఏ ఒక్కడిదీ కాదు. ఎవరో వేశారు, ఎవరో అందుకున్నారు, ఇంకెవరో పాట కట్టారు. వాడది వాడే. కానీ సంగీత వ్యాపారానికి వాడతో ఒప్పందం కుదరదు. దానికి సంతకం పెట్టే పేరొకటి కావాలి. సంతకం దొరికిన క్షణాన ఉమ్మడి సొత్తు కంపెనీ సరుకైపోతుంది, అన్నదమ్ములు వాటాదార్లుగా కొట్టుకుంటారు. పైగా అది సెల్‌ఫోన్ రింగ్‌టోన్ల కాలం. ఖాళీ ఎక్కువ, రాగం చిన్నది కాబట్టి స్నాప్ ఆ బుల్లి స్పీకర్లలో చక్కగా అమ్ముడుపోయింది.

ఆటకి ఆ సంతకం కూడా లేదు. అమెరికా కాపీరైటు చట్టం 1976లో నృత్య రచనలకి చోటిచ్చింది. అంటే బాలే లాంటి కూర్చిన నృత్యాలకి రక్షణ ఉంది. జనం ఆడుకునే నాలుగు అడుగులకి లేదు. ఫోర్ట్‌నైట్ అనే వీడియో ఆట నల్లజాతి కుర్రాళ్ళ అడుగుల్ని బొమ్మలకి తొడిగి అమ్ముకుంటే 2018లో టూ మిల్లీ వంటి వాళ్ళు కేసులు పెట్టారు. ముందు కాపీరైటు నమోదు కావాలని సుప్రీంకోర్టు 2019లో వేరే కేసులో చెప్పడంతో వాటిని వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. అదే 2019లో అట్లాంటా పక్క ఊళ్ళో జలాయా హార్మన్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి అమ్మాయి, అట్లాంటా రాపర్ కే క్యాంప్ పాటకి 'రెనెగేడ్' అనే ఆట కట్టింది. టిక్‌టాక్‌లో దాన్ని ఆడి పేరు తెచ్చుకున్నది తెల్లజాతి అమ్మాయిలు. 2020 ఫిబ్రవరిలో పత్రికలు బయటపెట్టేదాకా కట్టినదాని పేరు లోకానికి తెలీదు. స్నాప్ కాలం నుంచి ఇప్పటిదాకా ఇదే వరస. అడుగు నల్లది, పేరు తెల్లది.

అడుగుకి హక్కు లేకపోతే పోనీ, అడుగు పెట్టిన నేలకైనా ఉందా? అట్లాంటా అమెరికాలో ప్రభుత్వ గృహనిర్మాణం మొదలైన ఊరు. అక్కడి టెక్‌వుడ్ హోమ్స్ 1936లో తెరిచారు. పేదల బస్తీ ఒకటి ఎత్తేసి కట్టిన ఆ ఇళ్ళలో 1968 దాకా నల్లవాళ్ళని అడుగుపెట్టనివ్వలేదు. నల్లవాళ్ళు చేరాక అదే చోటు నగరానికి మచ్చ అయింది. 1996 ఒలింపిక్స్ వస్తున్నాయని కూల్చివేతలు అక్కడే మొదలయ్యాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళలో నగరంలోని పెద్ద గృహసముదాయాలన్నీ నేలమట్టమయ్యాయి. బోవెన్ హోమ్స్ 2009లో పోయింది. బ్యాంక్‌హెడ్ కోర్ట్స్ కూడా ఆ చివరి విడతలోనే పోయింది. మొట్టమొదట కట్టిన ఊరే మొట్టమొదట ఊడ్చేసిన పెద్ద నగరమైంది.

ఆ ఇళ్ళు స్వర్గమని మేం చెప్పడం లేదు. కాల్పులున్నాయి, మత్తుమందుంది, గోడలు కారాయి. వెళ్ళిపోదామనుకున్న కుటుంబాలూ ఉన్నాయి. అద్దె చీటీలు చేతికిచ్చి ఎక్కడికైనా పొమ్మన్నారు. కానీ చీటీ ఇల్లు ఇస్తుందేమో గానీ వాడనివ్వదు. మేనత్త ఇంటి అరుగు, మూలమీది క్లబ్బు, ఒకడు కొత్త అడుగు వేస్తే పదిమంది అందుకునే సాయంత్రం, ఇవేవీ చీటీలో రాసి ఉండవు. స్నాప్ లాంటి ఆట ఒక్కడి బుర్రలో పుట్టదు, పక్కపక్క ఇళ్ళ మధ్య పుడుతుంది. ఆ పక్కపక్కతనాన్నే చెదరగొట్టారు.

ఇంకా కష్టమైన మాట ఒకటుంది. 1974 నుంచీ అట్లాంటా మేయర్లు నల్లవాళ్ళే. మేనార్డ్ జాక్సన్‌తో మొదలైన ఆ గెలుపు చిన్నది కాదు. అయినా కూల్చివేతలు సాగింది ఆ పాలనలోనే. రాజ్యం మనవాడి చేతికి రావడం, మన వాడ నిలబడటం ఒకటి కాదని ఆ ఊరు చూపించింది. మన ప్రతినిధులు శిలాఫలకాల మీదికెక్కి, వాళ్ళ పేరున్న కాలనీలకే పట్టాలు లేని చోట ఈ పాఠం మనకి వేరే చెప్పాలా? 2021లో బ్యాంక్‌హెడ్ పక్క పాత రాతిగనిలో పెద్ద పార్కు తెరిచారు. అదే ఏడు మైక్రోసాఫ్ట్ ఆ దాపున తొంభై ఎకరాలు కొన్నట్టు ప్రకటించింది, 2023లో కట్టడం ఆపేసింది. కంపెనీ కట్టినా కట్టకపోయినా ఆ మాట వినబడగానే నేల ధర లేచింది, అద్దెకున్న పేదవాడి కాళ్ళకింద నేల కదిలింది.

అందుకే మేం ఈ ఆల్బమ్‌ని పాటల సంపుటిగా మాత్రమే చూడలేకపోతున్నాం. అది ఇప్పుడు కూలిపోయిన వాడలకి మిగిలిన సాక్ష్యం. దానిలో తప్పులున్నాయి, మగ అహంకారముంది, కంపెనీ లెక్కలున్నాయి. వాటితో పాటు ఒక జనం ఒకచోట కలిసి బతికిన లయ కూడా ఉంది.

మనం చేయాల్సిన పని మన దగ్గరే ఉంది. డప్పు దరువులు ఏ ఊళ్ళో ఏ పేరుతో ఉన్నాయో, ఏ గూడెంలో ఏ అడుగు పుట్టిందో, ఎవరు కట్టారో, సినిమా వాళ్ళు ఎక్కణ్ణించి పట్టుకెళ్ళారో రాసి పెట్టాలి. ఆడవాళ్ళ పేర్లతో సహా రాసి పెట్టాలి. దరువు పక్కనే ఆ గూడెం నేల సర్వే నంబరు కూడా రాయాలి. దరువు నేర్చుకునేవాళ్ళు రేపు ఎంతమందైనా వస్తారు. నేల ఎవరిదని అడిగేవాళ్ళం మాత్రం మనమే.